ఎంత దాస్తే చాలో ముందు లెక్క వేసుకోండి

మీకు 34 ఏళ్ళు, ఆరేళ్ళుగా జీతంలో 60 శాతం దాస్తున్నారు, అప్పుల్లేవు, ఇప్పటికి మూడేళ్ళ జీతమంత సొమ్ము పోగైంది. అయినా మీ ఆవిడ ఎక్కడికైనా వెళ్దామంటే చాలు మీకు టెన్షన్. వెళ్తే డబ్బు పోయిందని బాధ, వెళ్ళకపోతే ఇంట్లో మాటల్లేవు. దాచడం ఆపెయ్యాలా అని అడిగారు.

ఆపక్కర్లేదండి, తగ్గించండి. అంత వివరంగా రాశారు కానీ మొత్తం ఎంత కూడబెట్టాలనుకుంటున్నారో ఎక్కడా రాయలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎంత చాలో తెలియకపోతే ఎంత పోగైనా తక్కువగానే కనిపిస్తుంది, ఖర్చు పెట్టిన ప్రతిసారీ తప్పు చేసినట్టే ఉంటుంది.

కాబట్టి లెక్క వేద్దాం. 1994లో విలియం బెంగెన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ అమెరికా మార్కెట్ల పాత లెక్కలన్నీ తిరగేసి, కూడబెట్టినదాంట్లో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోయినా ఆ సొమ్ము కనీసం 30 ఏళ్ళు వచ్చిందని చూపించాడు. అంటే ఏడాది ఖర్చుకి 25 రెట్లు కూడబెడితే చాలన్నమాట. అది ఒక దేశపు చరిత్ర మాత్రమే కాబట్టి మనం ఇంకాస్త జాగ్రత్తగా 30 రెట్లు అనుకుందాం. ఇప్పటినుంచి 40 శాతమే దాచి 60 శాతం ఖర్చు పెట్టారనుకోండి. ఖర్చు పెరిగితే చేరాల్సిన మొత్తం కూడా పెరుగుతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే, అది కూడా లెక్కలో వేశాను. ధరల పెరుగుదల పోను ఏటా 4 శాతం రాబడి మిగిలితే, మీ చేతిలో ఉన్న మూడేళ్ళ జీతంతో కలిపి, దాదాపు ఇరవై ఏళ్ళలో, అంటే 54కి అక్కడికి చేరతారు. మధ్యలో ఏదైనా అవసరమొచ్చి పొదుపు 30 శాతానికి పడిపోయినా 60 వచ్చేసరికి చేరతారు. ఆ 4 శాతం రాబడికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, అందుకే ఏడాదికోసారి ఈ లెక్క మళ్ళీ చూసుకోవాలి.

అయితే ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి, టర్మ్ ఇన్సూరెన్స్ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్ళకి డబ్బు అందే బీమా), హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఇవి లేకపోతే ముందు ఇవే.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. డబ్బైతే పదేళ్ళు ఆగి ఖర్చు పెట్టుకోవచ్చు, కొన్ని సరదాలు అన్నాళ్ళు ఆగవు. మీ పాపకి ఐదేళ్ళన్నారు, నాన్న భుజాలెక్కి ఊరేగే వయసు ఇంకో రెండు మూడేళ్ళే. మీ అమ్మానాన్నలకి మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే వాళ్ళని ఎక్కడికైనా తీసుకెళ్ళాలి. కొత్త ఫోన్ మాత్రం రెండేళ్ళు ఆగినా ఏమీ కాదు. కాబట్టి ఆగనివాటికి ముందు పెట్టండి.

ఈ నెల జీతం పడగానే 40 శాతం పొదుపులోకి వెళ్ళాక, 20 శాతం వేరే ఖాతాలోకి పంపండి. అది ఖర్చు పెట్టడానికే. మొదటి ప్రయాణం ఎక్కడికో, ఎప్పుడో మీ ఆవిడనే చెప్పమనండి, ఆ ఖాతా లెక్కలు మాత్రం రాసుకోకండి.