లాంచీ బొమ్మకు సామాను: కొనాలా, చేసుకోవాలా?

ప్రశ్న: సార్, మా నాయన కృష్ణ ఒడ్డున సోమశిల రేవులో చాలా ఏళ్లు లాంచీ నడిపారు. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నారు. ఆయన నడిపిన 40 అడుగుల లాంచీని 1:24 కొలతలో చెక్కతో చేస్తున్నాను. బాడీ అయిపోయింది, 20 అంగుళాలు వచ్చింది. రెయిలింగు, తాడు కట్టే గుంజలు, లైఫ్‌బాయ్‌లు (నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే తేలే రింగులు), లంగరు, ప్రొపెల్లరు మిగిలాయి. ఆన్‌లైన్‌లో విదేశీ సామాను ప్యాకెట్ తెప్పిస్తే రెండు వేల పైనే అయింది. పెట్టి చూస్తే ఒక్కటీ నప్పలేదు. మళ్లీ వేరేవి కొనాలా, నేనే చేసుకోవాలా? పెద్ద పనిముట్లేమీ లేవు.
— ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: తమ్ముడూ, అలాంటి ప్యాకెట్లలో వచ్చేది తెరచాప ఓడలకో, సముద్రంలో ఓడల్ని లాగే టగ్గులకో చేసిన సామాను. కృష్ణలో తిరిగే లాంచీకి పక్కల పాత టైర్లు వేలాడతాయి. రెయిలింగు నీళ్ల పైపుతో చేసి ఉంటుంది. గుంజలంటే ఇనుప పైపు ముక్కలే. అచ్చం ఇలాంటివి ఆ ప్యాకెట్లలో రావు. ప్రొపెల్లరు ఒక్కటి కొను, మిగతావన్నీ చేసుకో.

ముందు టేపు తీసుకుని సోమశిలకు పో. శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో నీళ్లు బాగా తగ్గి ఉంటాయి, రిపేరు కోసం ఒడ్డుకు లాగిన పడవ దొరికితే చుక్కాని, ప్రొపెల్లరు కూడా కొలుచుకోవచ్చు. అన్నీ మిల్లీమీటర్లలో రాసుకుని 24తో భాగించు. పొడవు అందరూ కొలుస్తారు, మందం మరిచిపోతారు. చూసేవాళ్ల కన్ను మాత్రం మందాన్నే పట్టుకుంటుంది. ముప్పావు అంగుళం జీఐ పైపు అంటాం గానీ దాని బయటి మందం దాదాపు 27 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 1.1. ప్యాకెట్‌లో వచ్చిన రెయిలింగు కడ్డీ 2 మిల్లీమీటర్లుంటే, అసలు లాంచీ మీద దాదాపు రెండంగుళాల దుంగ నిలబెట్టినట్టే. ఇకముందు ఏది కొన్నా పేరు పక్కన రాసిన స్కేలు నమ్మొద్దు. మిల్లీమీటర్లు ఎన్నో అడుగు, స్కేలుబద్ద పక్కన పెట్టి తీసిన ఫొటో అడుగు.

రెయిలింగుకు ఇత్తడి తీగ కావాలి. కొట్లో 1.1 మి.మీ. దొరక్కపోతే కాస్త లావు తీగ కొని మీ ఊళ్లో అవుసులాయన (కంసాలి) దగ్గరికి తీసుకుపో. కమ్మచ్చు అనే రంధ్రాల పలకలో ఒక్కో రంధ్రం గుండా లాగి, అడిగినంత సన్నం చేసిస్తారు. ఇంటికొచ్చాక ఒక కొన బిగించి, ఇంకో కొనను పట్టకారుతో పట్టి ఒక్కసారి గట్టిగా లాగు, వంకరలు పోతాయి. ప్లైవుడ్ ముక్క మీద రెయిలింగు బొమ్మ గీసి, గీతలకు అటూ ఇటూ సన్న మేకులు కొట్టు. తీగ ముక్కలు మేకుల మధ్య పెడితే కదలవు. కలిసే చోట ఆకురాయితో చిన్న గాడి చేసి, ఫ్లక్సు (టంకం బాగా అంటుకోవడానికి రాసే పేస్టు) రాసి టంకం పెట్టు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు.

నేను ఐటీఐలో పిల్లలకు ఫిట్టరు పని నేర్పినన్నాళ్లూ ఇక్కడే ఎక్కువమంది తడబడేవాళ్లు. రెండో అతుకు వేస్తుంటే మొదటిది కరిగి ఊడిపోతుంది. అయిపోయిన అతుకు మీద తడి దూది వత్తి పెట్టు. వేడి అక్కడే ఆగుతుంది. టంకం నల్లపూస అంత కూడా అక్కర్లేదు, బియ్యపు నూక అంత చాలు. చివర్లో గోరువెచ్చటి సబ్బునీళ్లలో పాత బ్రష్షుతో బాగా కడుగు. ఫ్లక్సు మిగిలితే రంగు కిందే పచ్చటి చిలుము పడుతుంది, ఒక్క వానాకాలం చాలు దానికి.

గుంజలకు పాత ట్రాన్సిస్టర్ రేడియో ఏరియల్ వెతుకు. లాగితే పొడుగయ్యే ఆ కడ్డీలో ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలుంటాయి, అన్ని మందాలూ దొరుకుతాయి. నాలుగంగుళాల మందం గుంజకు 4 మి.మీ. గొట్టం సరిపోతుంది. నేను నల్గొండ క్లాక్ టవర్ దగ్గర రిపేరు షాపులో అడిగి ఒక కవరు నిండా తెచ్చుకున్నాను. టైర్లకు జాతర బొమ్మకార్లు ఉన్నాయి. చెర్వుగట్టు జాతరలో కొన్న కారు టైరు 24 మి.మీ. ఉంది, మన కొలతలో అది అచ్చం కారు టైరే. లంగరుకు జెమ్ క్లిప్పులు నాలుగు కలిపి కట్టి, కొనలు కొక్కేల్లా వంచు.

లైఫ్‌బాయ్ దగ్గర నేను దెబ్బతిన్నాను. మొదటి లాంచీకి నల్లా సామాను కొట్లోంచి రబ్బరు రింగులు తెచ్చి రంగేశాను. వ్యాసం సరిగ్గానే ఉంది, మందం సరిపోలేదు, రెయిలింగుకు గాజులు తగిలించినట్టుంది. నాలుగూ ఊడదీశాను. ఓడల నియమం ప్రకారం లైఫ్‌బాయ్ బయటి వ్యాసం 80 సెం.మీ. దాటకూడదు, లోపలిది 40కి తగ్గకూడదు. మన కొలతలో బయట 33, లోపల 20 ఉంటే సరిగ్గా కుదురుతుంది. ఆరున్నర మి.మీ. మందం ఉన్న మూడు కోర్ల వైరు 83 మి.మీ. కోసి, వేడినీళ్లలో నానబెట్టి, 20 మి.మీ. కండ్యూట్ పైపుకు (కరెంటు వైర్లు దూర్చే పైపు) చుట్టి ఫెవిక్విక్‌తో కొనలు కలుపు. ప్రైమరు, ఆపైన నారింజ రంగు, నాలుగు చోట్ల తెల్ల పట్టీ. పట్టీల దగ్గర దారం కట్టి మధ్యలో కొంచెం వదులుగా వదిలెయ్. నీళ్లలో పడ్డ మనిషి చేత్తో పట్టుకునేది ఆ తాడునే, అది మానెయ్యొద్దు.

తాడుకు ప్లాస్టిక్ దారం వాడకు, వంచినచోట నిలవదు. గద్వాలలోనో నారాయణపేటలోనో మగ్గాల వాళ్లను అడిగితే నూలు ఇస్తారు. మూడు పోగులను విడివిడిగా ఒకే వైపు మెలితిప్పి, మూడూ కలిపి ఎదురు వైపు తిప్పు. హ్యాండ్ డ్రిల్లు కొక్కేనికి తగిలిస్తే నిమిషంలో అవుతుంది. మైనం మీద రెండుసార్లు లాగితే నూగు అణిగిపోతుంది. ఆ తాడును గుంజకు ఎన్ని చుట్లు వెయ్యాలో, ముడి ఎటు పడాలో నువ్వు అనుకుని చెయ్యకు. తాడు మీ నాయన చేతికిచ్చి ఆయనతోనే కట్టించు.

ప్రొపెల్లరు ఎందుకు కొనమన్నానంటే, మూడు రెక్కలూ ఒకే వాలులో చేత్తో రావడం కష్టం. రెండడుగుల ప్రొపెల్లరు మన కొలతలో 25 మి.మీ. కుడి వైపు తిరిగేదా, ఎడమ వైపు తిరిగేదా చూసుకుని తెప్పించు.

ప్రశ్న: ఈ సామానంతా 3డి ప్రింటరుతో తీస్తే పని తేలిక కదా సార్?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: కొన్నింటికి తేలికే అమ్మా. ఒకేలాంటివి ఎక్కువ కావాలంటే, లాంచీలో కూర్చునే బల్లల్లాంటివి, తప్పకుండా ప్రింటు తియ్యి. మామూలు ప్రింటరులో ప్లాస్టిక్ బయటికొచ్చే రంధ్రం, నాజిల్, 0.4 మి.మీ., ఒక మిల్లీమీటరు కడ్డీ తీస్తే గరుకుగా వస్తుంది, చెయ్యి తగిలితే విరుగుతుంది. ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే రెజిన్ ప్రింటరు ఉంటే గుంజలూ కప్పీలూ చక్కగా వస్తాయి. రెయిలింగు మాత్రం ఇత్తడితోనే చెయ్యి.