‘కొలువు’కు ఎదురు మాట ఏది?

సందేహం: మా పాప ప్రశ్నపత్రంలో ‘ఆజ్ఞ’, ‘అధికారి’ అనే మాటలకు వ్యతిరేకపదాలు అడిగారు. జవాబులు ‘అనాజ్ఞ’, ‘అనధికారి’ అట. సరైనవేనా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ‘అనాజ్ఞ’ అని ఏ తెలుగువాడూ అనగా నేను వినలేదు. ముందు ‘అ’యో ‘అన’యో తగిలిస్తే చాలు, వ్యతిరేకపదం దానంతట అదే పుడుతుందన్న నమ్మకం గైడు పుస్తకాలవాళ్లలో బాగా ముదిరింది. అనధికారి అంటే ఆ పనికి హక్కు లేనివాడు. అధికారి చేతికింద మనిషి కాదు. ‘అవజ్ఞ’ చూపుకు ఆజ్ఞకు ఎదురులా ఉంటుంది గానీ, అర్థం చులకన చేయడం.

అసలు పెత్తనపు మాటలన్నిటికీ ఎదురు వెతకడమే చిక్కు. ‘కొలువు’నే చూడండి. కొలవడమంటే సేవించడం. సేవించేవాళ్లు చేరే చోటు గనుక రాజసభా కొలువే అయింది. రాజు కొలువుతీరుతాడు, బంటు అక్కడే కొలువు చేస్తాడు. మీ నెల్లూరి తిక్కనగారు భారతాన్ని ఎత్తుకున్న విరాటపర్వంలో ఈ తమాషా అంతా ఉంది. ఒకప్పుడు కొలువుతీరిన ధర్మరాజు కంకుభట్టుగా విరాటుని కొలువులో చేరాలి. వెళ్లేముందు ధౌమ్యుడు బుద్ధులు చెబుతాడు: రాజు ఇంటికన్నా అందంగా ఇల్లు కట్టుకోరాదు, ఆయన వేసే వేషాలు మనం వేయరాదు. ఏలినవాళ్లకు కొలవడం నేర్పే పద్యాలవి! మనుమసిద్ధి దగ్గర మంత్రిగా మెలగిన మనిషి కాబట్టి ఆ మెలకువలు ఎక్కడో విని రాసినట్టు ఉండవు. ఇప్పటి పత్రికలు కొలువును ఒట్టి ఉద్యోగానికి కుదించేశాయి. పోనీలెండి, కలెక్టరుదీ కొలువే, బంట్రోతుదీ కొలువే.

‘పాలన’దీ ఇదే పేచీ. రాజ్యపాలన ఏలేవాడిది, ఆజ్ఞాపాలన లోబడేవాడిది; రెండింటి అడుగునా ఉన్నది కాపాడడమే. అన్నట్టు, ‘కావలి’ కూడా కాచేవాడి మాటే. మీ ఊరికి ఆ పేరెందుకన్నది వేరే సంగతి.

ఏలికకు బంటు, స్వామికి భృత్యుడు, విధేయుడికి అవిధేయుడు: వీటితో గొడవ లేదు. ఆజ్ఞకు ‘ఉల్లంఘన’ అంటారు కొందరు. అది ఆజ్ఞాపాలనకు ఎదురు గానీ ఆజ్ఞకు కాదు. అధికారికి పాప ‘సేవకుడు’ అని రాసి ఉంటే నేనైతే అరమార్కు వేస్తాను. ఆజ్ఞకు ఎదురుగా ఖాళీ వదిలినా తప్పుపట్టను.