జ్వరం పట్టే యంత్రం ఉండగా సరిహద్దు సిబ్బందికి శిక్షణ ఎందుకు?

సరిహద్దుల్లో థర్మల్ స్కానర్లు ఉన్నాయి కదా, వలసదారుల ఆరోగ్యం మీద సిబ్బందికి మళ్లీ శిక్షణ దేనికి అని అడిగారు. ఒక భూసరిహద్దు దగ్గర ఆరేళ్లు నర్సుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ యంత్రం మీద నాకు ఏ కోశానా నమ్మకం లేదు. 2003లో సార్స్ వచ్చినప్పుడు కెనడా విమానాశ్రయాల్లో లక్షల మందిని ఇలాగే వడపోశారు. ఒక్క సార్స్ రోగి కూడా దొరకలేదు. ఎబోలా సోకితే లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది. ఈలోగా సరిహద్దు దాటే మనిషి ఒళ్లు చల్లగానే ఉంటుంది. ఇక యంత్రం ఏం పట్టుకుంటుంది?

ఒక రాత్రి కాగితాలు సరిగా లేవని పదిహేను మందిని ఆపి ఒక గదిలో కూర్చోబెట్టారు. తెల్లవారుజామున కాపలా కుర్రాడు వచ్చి, "సిస్టర్, లోపల ఒకడు తాగి వాంతులు చేసుకుంటున్నాడు, గది కడిగించాలి" అన్నాడు. మనిషిని చూడమని కాదు, గది కడిగించమని!

వెళ్లి చూశాను. ఇరవై ఏళ్లవాడు, గోడకు జారగిలబడి, అప్పుడే పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా ఊపిరి తీస్తున్నాడు. నాలుక పిడచగట్టుకుపోయింది. నోటి దగ్గర వాసన ఉన్నమాట నిజమే. అయితే అది మద్యం వాసన కాదు, మిగలముగ్గిన పండు వాసన. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే గ్లూకోమీటరు అంకె కూడా చూపలేదు, 'హై' అని ఊరుకుంది. అంటే రక్తంలో చక్కెర అది కొలవగలిగే హద్దు దాటిపోయింది.

ఇన్సులిన్ అతని సంచిలోనే ఉంది. ఆ సంచి తాళం వేసిన సామాను గదిలో ఉంది. సూదులు కనిపించాయని 'పదునైన వస్తువులు' అని రాసి లోపల పడేశారు. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ ఆగితే ఒక్క రోజులోనే ప్రాణం మీదికి రావచ్చు. సెలైను పెట్టి అంబులెన్సులో పంపాం. బతికాడు.

కాపలా కుర్రాడు చెడ్డవాడేమీ కాదు. నెల కిందటే శిక్షణ కూడా ముగించాడు. అందులో నేర్పినవి అంటువ్యాధుల పేర్లు, మాస్కు, చేతి తొడుగులు. ఆ ఒక్క జత తొడుగులతోనే పొద్దుటి నుంచి అందరి పాస్‌పోర్టులు, మధ్యలో తన ఫోను, చివరికి తన ముక్కు కూడా ముట్టుకునేవాడు. వలసవచ్చినవాడంటే నడిచే రోగమన్న భయం మాత్రం బాగా ఒంటబట్టింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందివి పుండ్లు పడిన పాదాలు, ఎండిపోయిన ఒళ్లు, దారిలో అయిపోయిన బీపీ మాత్రలు, నెలలు నిండిన కడుపులు.

నా ఒళ్లు మండించే సంగతి మరొకటి ఉంది. దుబాసీ లేడని పిల్లల చేత మాట్లాడించడం. తల్లికి రక్తస్రావం అవుతోందని చెప్పాల్సి వచ్చిన పదేళ్ల కొడుకు, ఆ మాట నోట రాక చొక్కా కాలరు నములుతూ నిలబడ్డాడు. 2007 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో 32వ అధికరణం ప్రయాణికులతో మర్యాదగా మెలగాలని, వారి గౌరవం కాపాడాలని చెబుతుంది. మా దగ్గర దాన్ని చదివినవాడు కనబడలేదు. ఎల్లో ఫీవర్ టీకా పత్రం 2016 జూలై నుంచి జీవితాంతం చెల్లుతుంది. పాత పదేళ్ల గడువు దాటిందని ఒక పెద్దాయనను నిలబెట్టేసిన అధికారితో గంటసేపు వాదించాను.

శిక్షణ అంటే నా దృష్టిలో వారాల తరబడి పాఠాలు అక్కర్లేదు. సంచికి తాళం వేసేముందు "రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?" అని అడగడం నేర్పితే సగం పని అయినట్టే. ఆ తర్వాత ఆ కుర్రాడే ఈ ప్రశ్నను ఒక అట్టమీద ఏడు భాషల్లో రాసి సామాను బల్ల మీద వేలాడదీశాడు. తెలుగు వాక్యం నేను రాసిచ్చాను. చూసి రాయడంలో రెండు తప్పులు దొర్లించాడు, దిద్దబుద్ధి కాలేదు.