లినక్స్‌లో బ్లూటూత్ మౌస్ తనంతట తాను కలవాలంటే

నమస్కారమండి. లినక్స్ మింట్ ఉన్న మీ ల్యాప్‌టాప్‌ను తెరిచిన ప్రతిసారీ సెట్టింగుల్లోకి వెళ్లి కనెక్ట్ నొక్కితే తప్ప బ్లూటూత్ మౌస్ పనిచేయడం లేదని శ్రీకాకుళం నుంచి రాశారు. విజయనగరంలో గంటస్తంభం దగ్గరి ఒక డీటీపీ కేంద్రంలో కంప్యూటర్ల బాగోగులు చూస్తున్న నాకు ఈ ఇబ్బంది బాగా పరిచయం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైపు చేసేవారు మౌస్ పనిచేయడం లేదని పిలిచేవారు.

లినక్స్‌లో బ్లూటూత్ పనంతా చూసే బ్లూజ్ అనే సాఫ్ట్‌వేర్ పెయిర్ చేయడాన్నీ, ట్రస్ట్ ఇవ్వడాన్నీ వేర్వేరుగా లెక్కిస్తుంది. పెయిర్ చేసినప్పుడు రెండు పరికరాలూ ఒక రహస్య సంకేతాన్ని కుదుర్చుకుంటాయి, అంతే. ఆ తరువాత మౌస్ తానుగా వచ్చి తలుపు తట్టినప్పుడు మనల్ని అడగకుండా లోపలికి రానివ్వాలంటే ట్రస్ట్ కూడా ఉండాలి. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కిటికీలో బ్లూటూత్‌సీటీఎల్ (bluetoothctl) నడిపి (ఆదేశాలన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి), డివైసెస్ అని కొడితే మౌస్ పేరూ చిరునామా కనిపిస్తాయి. ఇన్ఫో అనే ఆదేశం పక్కన ఆ చిరునామా ఇచ్చినప్పుడు పెయిర్డ్ ఎదుట యెస్, ట్రస్టెడ్ ఎదుట నో అని వస్తే, ట్రస్ట్ అని రాసి అదే చిరునామా ఇవ్వండి. మా దగ్గర చాలా యంత్రాలకు ఇంతకుమించి అవసరపడలేదు.

అదే ఇన్ఫోలో బాండెడ్ (సంకేతం భద్రపడిందో లేదో చెప్పే వరుస) ఎదుట నో అని ఉంటే మాత్రం రిమూవ్ ఆదేశంతో మౌస్‌ను తొలగించి, కొత్తగా పెయిర్ చేసి, మళ్లీ ట్రస్ట్ ఇవ్వాలి. 2023లో బయటపడిన ఒక భద్రతా లోపాన్ని సరిచేసినప్పటి నుంచి, సంకేతం భద్రపరచుకోని పాతరకం బ్లూటూత్ మౌస్‌లను బ్లూజ్ మామూలుగా రానివ్వడం లేదు. కంప్యూటర్ తెరిచేసరికి బ్లూటూతే ఆగిపోయి ఉంటే, లినక్స్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరులోని బ్లూటూత్ ఫోల్డరులో మెయిన్ డాట్ కాన్ఫ్ (/etc/bluetooth/main.conf) ఫైలు తెరిచి, పాలసీ విభాగంలో ఆటోఎనేబుల్ విలువ ట్రూగా ఉందో లేదో చూడండి. బ్లూజ్ 5.65 నుంచి అది సహజంగానే ట్రూ.

అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉంటే చిక్కు వేరు. రెండు వ్యవస్థలూ ఒకే బ్లూటూత్ చిరునామాతో కనిపిస్తాయి కాబట్టి, విండోస్‌లో పెయిర్ చేయగానే మౌస్ కొత్త సంకేతాన్ని ఉంచుకుని లినక్స్‌తో కుదుర్చుకున్న పాతదాన్ని వదిలేస్తుంది. అప్పుడు ఎన్నిసార్లు ట్రస్ట్ ఇచ్చినా ఫలితం ఉండదు. విండోస్ సంకేతాన్ని తెచ్చి లినక్స్ ఫైళ్లలో రాసే పద్ధతి ఉన్నా, కొత్తవారికి నేను దాన్ని సూచించను. మీ మౌస్ అడుగున కంప్యూటర్ మార్చే మీట ఉంటే ఒక స్థానాన్ని విండోస్‌కు, మరొకదాన్ని లినక్స్‌కు కేటాయించి, ఏది వాడుతుంటే ఆ స్థానానికి మార్చుకోండి.