విదేశీ కరెంటు పరికరాల్లో బయటివాళ్లు రహస్యంగా చొరబడే దొడ్డిదారులు ఉంటాయంటారు, నిజమేనా?

ట్రాన్స్‌ఫార్మర్ అంటే రాగి, ఇనుము, నూనె. దాచడానికి అందులో పెద్దగా చోటు లేదు. అనుమానమంతా పక్కనుండే రిలేలు (తేడా వస్తే లైన్ కట్ చేయించే పరికరాలు), మీటర్లు, ఇన్వర్టర్లలోని సాఫ్ట్‌వేర్ మీదే. కూకట్‌పల్లిలో మా డాబా మీది సోలార్ ఇన్వర్టర్‌నే చూడండి: అడుగున వేలెడంత వైఫై డాంగిల్. ఫోన్‌లో యూనిట్లు చూపించేది అదే, తయారీదారు సర్వర్‌తో మాట్లాడేదీ అదే. ఆ దారినే అప్‌డేట్లు వస్తాయి, ‘ఆగిపో’ అన్న ఆదేశమూ రావచ్చు. మా ఒక్క ఇల్లు ఆగితే గ్రిడ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లక్షల ఇన్వర్టర్లు ఒక్కసారే ఆగితే మాత్రం కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారిపోతుంది, రిలేలు వరసగా ఫీడర్లను, అంటే పేటలకు కరెంటు మోసే లైన్లను కోసేస్తాయి.

దిగుమతి పరికరాలకు మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) పరీక్ష చేయించాలని 2020 జులైలో కేంద్ర విద్యుత్ శాఖ ఆదేశించింది. మంచిదే. పాసయ్యాక వచ్చే అప్‌డేట్‌ని ఎవరు చూస్తారన్నదే నా గొడవ.