తాళం మారింది, బొమ్మలు లోపలే ఉండిపోయాయి: ఏం చేయాలి?

ప్రశ్న: మాది బరంపురం. చిలికా పక్షుల బొమ్మలు వేస్తాను. 2023 ఫిబ్రవరిలో ఒక ఒడియా సీనియర్ చిత్రకారుడు తన స్టూడియోలో ఉత్తరం కిటికీ పక్కన నాకు చోటిచ్చారు. అడ్వాన్సు 30,000, నెలకు 3,500 రూపాయలు. అంతా నగదే, కాగితం లేదు. ఆయనతో కలిపి ముగ్గురం అక్కడ పనిచేసేవాళ్ళం. ఆయన్ని భాయినా అని పిలిచేదాన్ని, రాఖీ కట్టాను. ఆ చోట కుదురుకుని, చెయ్యి తిరిగిందనుకునేసరికి 2025 మేలో మాటామాటా పెరిగి తాళం మార్చేశారు. నావి 22 బొమ్మలు లోపలే ఉన్నాయి. నాలుగు నెలల అద్దె బాకీ అని ఆయన, రెండు నెలలే అని నేను. పైగా నేను వేసిన బాతుల బొమ్మ కటక్‌లో అచ్చయిన ఒక క్యాలెండర్ మీద ఆయన పేరుతో వచ్చింది. పాత తేదీ స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు సృష్టిస్తే చోటు దక్కుతుందని ఒక దస్తావేజు లేఖరి అంటున్నారు. తాళం పగలగొడదామని మావారి స్నేహితులు. నాకు న్యాయం జరుగుతుందా? — ఒక చిత్రకారిణి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పది పేజీలు. అందులో ఆరు పేజీలు రాఖీ గురించి, నమ్మకద్రోహం గురించి. కోర్టు వాటిని చదవదు. ఏడో పేజీలో, అవమానం జరిగిందని చెప్పడానికి మీరు రాసిన ఒక్క వాక్యమే మీ కేసు. తాళం మార్చిన వారం తర్వాత స్టూడియో వాట్సాప్ గ్రూపులో ఆయన పంపిన వాయిస్ మెసేజ్: "ముందు బాకీ కట్టు, తర్వాత నీ బొమ్మలు తీసుకెళ్ళు."

మీకు అవమానంలా వినిపించిన ఆ మాటలో ఏముందో చూడండి. "నీ బొమ్మలు" అన్నారు. అంటే బొమ్మలు మీవని, అవి తన దగ్గరే ఉన్నాయని ఆయన నోటితోనే ఒప్పుకున్నారు. మీరు అడిగారని, ఆయన ఇవ్వనన్నారని, అది ఏ రోజో కూడా అందులోనే తేలుతోంది. రేపు కోర్టులో "రంగులు నావి, దిద్దింది నేను, అవి నా స్టూడియో బొమ్మలు" అని ఆయన చెప్పబోయే కథకు ఇదే అడ్డు.

అలాంటి మెసేజ్‌ని మీరేం చేశారు? "చూడలేక చాట్ మొత్తం డిలీట్ చేశాను" అని రాశారు. చదివి నాకే తల తిరిగింది. ముప్పై వేలు ఇచ్చినప్పుడు రసీదు తీసుకోలేదు, నెలనెలా అద్దెకు కాగితం లేదు, చేతికందిన ఒక్క రుజువునూ చెరిపేశారు. అదృష్టం కొద్దీ అది గ్రూపులో వచ్చింది కాబట్టి మూడో చిత్రకారుడి ఫోన్‌లో ఉండి ఉంటుంది. ఇవాళే వెళ్ళి అడగండి. ఆయన ఫోన్ మార్చకముందే, మనసు మార్చుకోకముందే. మీకు ఫార్వర్డ్ చేస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి ఆ ఫోన్, ఆ మనిషి ఇద్దరూ మీకు కావాలి. మెసేజ్ ఒడియాలో ఉంది కనుక కోర్టుకు ఇబ్బంది లేదు. మీ స్కెచ్ పుస్తకాల్లోని తెలుగు రాతలకు మాత్రం అనువాదం జతచేయాల్సి వస్తుంది.

ఆ స్కెచ్ పుస్తకాలను జాగ్రత్తగా దాచండి. చిలికా దగ్గరి మంగళాజోడిలో పడవ మీద కూర్చుని పెన్సిల్‌తో గీసినవి, తల మీద రెండు నల్లపట్టీల బాతు పక్కన "మెడ ఇంకా సన్నగా" అని మీరే రాసుకున్నది, బొమ్మ ఎవరి చేతిలో పుట్టిందో చెప్పే సాక్ష్యాలు. పూర్తయిన బొమ్మల ఫొటోలు ఫోన్‌లో ఉంటే తేదీలతో సహా అలాగే ఉంచండి, ఎడిట్ చేయొద్దు. కాన్వాసు వెనకవైపు మీరు సంతకం, తేదీ వేసే అలవాటుంటే ఆ వెనకవైపు ఫొటో ముందువైపు ఫొటో కంటే నాకెక్కువ.

ఇక చోటు సంగతి. కిటికీ పక్క వెలుతురు ఎంత బాగుంటుందో రెండు పేజీలు రాశారు గానీ, ఆ చోటు మీద ఆశ వదులుకోండి. గది మొత్తం మీ ఒక్కరి స్వాధీనంలో లేదు, ముగ్గురూ వాడుకునేవారు. కాగితం మీద పేరేదైనా, ప్రత్యేక స్వాధీనం ఉందా లేదా అన్నది ముఖ్యమని సుప్రీంకోర్టు 1959లోనే అసోసియేటెడ్ హోటల్స్ కేసులో చెప్పింది. మీది కౌలు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని వాదించడం ఆయనకు సులువు. బలవంతంగా ఖాళీ చేయించారని నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద వేసే దావాకు గడువు ఆరు నెలలే. అదీ దాటిపోయింది.

అందుకే పాత స్టాంపు పేపరు ఆలోచన నాకు మతిలేనిదిగా కనిపిస్తోంది. గెలవలేని చోటు కోసం గెలిచే కేసును పాడుచేసుకుంటారా? స్టాంపు ఎప్పుడు, ఎవరి పేరున అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది. ఈ-స్టాంపు అయితే నంబరు, తేదీ దాని మీదే ఉంటాయి. ఆయన సంతకం ఎవరు పెడతారు? ఆ లేఖరే కదా! భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద అది ఫోర్జరీ, ఫోర్జరీ పత్రాన్ని వాడిన నేరం. ఒక్క దొంగ కాగితం దొరికితే మీ నిజమైన వాయిస్ మెసేజ్‌ని కూడా జడ్జి అనుమానంగానే వింటారు. ఆ లేఖరి గుమ్మం తొక్కొద్దు. తాళం పగలగొట్టడం కూడా అంతే. ఆయన పోలీస్ స్టేషన్‌కు వెళ్ళడానికి మీరే దారి వేసినట్టు. బొమ్మలు మాయమైతే "మీరే ఎత్తుకెళ్ళారు" అని తప్పించుకుంటారు కూడా.

"మూడేళ్ళు దాటిపోయాయేమో" అని టెన్షన్ పడుతున్నారు. 2023 ఫిబ్రవరి నుంచి లెక్కపెట్టకండి. దాచుకోవడానికి అప్పగించిన వస్తువు అడిగినా ఇవ్వకపోతే, నిరాకరించిన రోజు నుంచి మూడేళ్ళు అని కాలపరిమితి చట్టం ఆర్టికల్ 70. అక్రమంగా పట్టుకున్నారంటే, పట్టుకున్న రోజు నుంచి మూడేళ్ళు. ఈ రెండింటిలో కోర్టు ఏది ఒప్పుకుంటుందో అన్నదాని మీద పందెం కాయొద్దు. ముందు ముగిసేదాన్నే మన గడువనుకోవాలి. తాళం మార్చిన రోజు నుంచి లెక్కేసి, 2028 మే రాకముందే దావా దాఖలై ఉండాలి. ఆ వాయిస్ మెసేజ్ గడువును పొడిగించదు. దానికి సంతకం చేసిన రాతపూర్వక ఒప్పుకోలు కావాలి.

బాకీ పేరుతో బొమ్మలు అట్టేపెట్టుకునే హక్కు ఆయనకుందా? కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ అలాంటి సాధారణ హక్కును బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీల వంటి కొద్దిమందికే ఇచ్చింది. స్టూడియో యజమాని ఆ జాబితాలో లేరు. అద్దె రావాలంటే వేరే దావా వేసుకోవాలి. అయినా మీరు ఒప్పుకుంటున్న రెండు నెలల 7,000 బ్యాంకు ద్వారా పంపేయండి, "వివాదానికి లోబడి" అని రాసి. మీ చేతులు శుభ్రంగా ఉండాలి.

తర్వాత వకీలు చేత నోటీసు ఇప్పించండి, స్పీడ్ పోస్టులో, అందిన రుజువుతో. 22 బొమ్మల జాబితా, కొలతలతో, ఫొటోలతో, 15 రోజుల గడువు. స్పందన లేకపోతే దావా. డబ్బుతో పూడ్చలేని వస్తువైతే ఆ వస్తువునే ఇప్పించమని నిర్దిష్ట పరిహార చట్టం 8వ సెక్షన్ కింద అడగవచ్చు. చేతితో వేసిన బొమ్మ కంటే దానికి మంచి ఉదాహరణ ఏముంది? దావాతో పాటే అమ్మకుండా ఇంజంక్షన్, లోపలున్నవి లెక్కరాయడానికి అడ్వొకేట్ కమిషనర్‌ని కోరండి. అది ఆలస్యమైతే లోపలున్న బొమ్మలు తగ్గిపోవచ్చు. ఫీజు భయం వద్దు, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయసేవల సంస్థ ఉచిత వకీలుని ఇస్తుంది. దావాకు ముందే లోక్ అదాలత్‌కు వెళ్ళి రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఆయనకు పరువంటే పట్టింపు ఉన్నట్టుంది కాబట్టి ఇది పనిచేయవచ్చు.

క్యాలెండర్ విషయం వేరే కేసు. బొమ్మ వేసినవారిదే కాపీరైటు, రిజిస్ట్రేషన్ లేకపోయినా. అచ్చు కటక్‌లో జరిగినా మీరుండే గంజాం జిల్లా కోర్టులోనే వేయవచ్చు. ముందు ఒక క్యాలెండర్ బిల్లుతో కొనండి. కానీ ఆ 22లో నాలుగు గోపాల్‌పూర్ హోటల్ ఆర్డరు మీద వేసినవని ఎక్కడో చిన్నగా రాశారు. డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే కాపీరైటు యజమాని. బాతుల బొమ్మ ఆ నాలుగింటిలోదా? ఆ జవాబు లేకుండా ఈ కేసు వేయకండి.

ఇంకొకటి. లోపల "ఈకల డబ్బా" కూడా ఉందన్నారు. రంగు చూసుకోవడానికి ఏరినవే కావచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 'ట్రోఫీ' (చట్టం అదుపులో ఉండే జంతు, పక్షి భాగాలు) నిర్వచనంలో ఈకా ఉంది. నెమలి తోక ఈకలకే మినహాయింపు. దాన్ని నోటీసులో చేర్చకముందు మీ వకీలుకు ఏయే పక్షులవో నిజం చెప్పి, ముఖాముఖి మాట్లాడండి.