మేడ మీద నల్లపొడి, బాబుకి పిల్లికూతలు: ఇన్‌హేలర్ ఆపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం వన్‌టౌన్. పోర్టుకి దగ్గరలోనే ఉంటాం. పొద్దున్నే మేడ ఎక్కితే పాదాలు నల్లబడతాయి. ఆరేసిన తెల్లబట్టలు తీసేలోపే మసి పట్టేస్తుంది. మా బాబుకి ఎనిమిదేళ్లు. డిసెంబర్ వచ్చిందంటే రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసం అని చెప్పి డాక్టర్ రోజూ వాడే ఇన్‌హేలర్ రాశారు. అలవాటైపోతుందని మా అత్తగారు పోయిన నెల మాన్పించారు. ఈ నల్లపొడి వాడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటోందా? మా పాలరాతి తులసికోట కూడా గరుకుగా తయారైంది. ఇక్కడ ఆసిడ్ వానలు పడుతున్నాయా? ఇల్లు మారిపోవాలా అని టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టండి. నెల రోజులు ఆపారు కాబట్టి ఈ వారంలోనే మీ డాక్టర్‌కి బాబుని ఒకసారి చూపించండి. మీ అత్తగారి భయం నేను రోజూ వినేదే. ఆవిడ మనవడి మీద ప్రేమతోనే అన్నారు. కానీ అందులో అలవాటు పడేంత మత్తుమందు ఏదీ లేదు. ఉండే స్టెరాయిడ్ కూడా మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. నేరుగా గాలిగొట్టాల్లోకి వెళ్లి అక్కడి వాపు తగ్గిస్తుంది. పిల్లల ఎత్తు మీద కొద్దిపాటి ప్రభావం ఉండొచ్చు, అందుకే ప్రతిసారీ కొలుస్తాం. వాపు తగ్గకుండా ఏళ్లు గడిస్తే జరిగే నష్టం దానికన్నా చాలా పెద్దది. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టి ఇవ్వండి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించండి.

ఇక నల్లపొడి. మీ కిటికీ గట్టు మీద తడివేలితో ఒకసారి రాసి చూడండి. ఇసుకలా గరగరలాడితే అందులో బొగ్గుపొడి, రోడ్డు దుమ్ము ఎక్కువ. ఎర్రటి ఛాయ ఉంటే ఇనుప ఖనిజం కలిసి ఉండొచ్చు. జిడ్డుగా సాగితే డీజిల్ మసి. కంటికి కనిపించే ఈ రేణువుల్లో చాలావాటిని ముక్కూ గొంతూ పట్టేస్తాయి. మీ ప్రాంతం నుంచే ఒకావిడ వాళ్ల అబ్బాయి ముక్కు చీదిన రుమాలు మడతపెట్టి తెచ్చి, నా బల్ల మీద విప్పి చూపించారు. మధ్యలో నల్లటి మరక. ఊపిరితిత్తులు పాడైపోయాయని ఏడుస్తున్నారు. నిజానికి ఆ మరక ముక్కు పనిచేస్తోందనడానికి గుర్తు. లోపలికి పోవాల్సింది అక్కడే ఆగింది.

నన్ను భయపెట్టేది రుమాలు మీద కనపడనిది. దాన్నే పీఎం 2.5 అంటారు. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. ఇంత సన్నటివి ఊపిరితిత్తుల చివర గాలిసంచుల దాకా వెళ్తాయి. వాటిలో కొన్ని లారీ పొగగొట్టం నుంచి, చెత్తమంట నుంచి నేరుగా వస్తాయి. మిగతావి గాలిలోనే పుడతాయి. బొగ్గు, నూనె మండితే అందులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా బయటికొస్తుంది. గాలిలోని తేమ, ఆక్సిజన్ తోడై అది సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపర అవుతుంది. మురుగు నుంచి, పశువుల నుంచి, ఎరువుల నుంచి వచ్చే అమ్మోనియా దానితో కలిస్తే అమ్మోనియం సల్ఫేట్ రేణువు తయారవుతుంది. అంటే పొగగొట్టం దగ్గర వాయువుగా బయల్దేరింది మీ ఇంటికి చేరేసరికి దుమ్మయిపోతుంది.

ఈ సల్ఫేట్ తేమని పీల్చి ఉబ్బుతుంది. చలికాలం పొద్దున్న ఆర్కే బీచ్‌లో నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ మసకమసకగా కనిపిస్తుంది కదా, మంచు అనుకుంటాం. అందులో ఈ ఉబ్బిన రేణువులూ ఉంటాయి. సముద్రం పక్కన గాలి ఎప్పుడూ శుభ్రమే అన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది, అదీ పూర్తిగా నిజం కాదు. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో నైట్రిక్ ఆమ్లంగా మారి, అలల మీంచి లేచిన ఉప్పు రేణువులతో కలిసి సోడియం నైట్రేట్ అవుతాయి. అవే నైట్రోజన్ ఆక్సైడ్ల మీద మధ్యాహ్నపు ఎండ పడితే ఓజోన్ పుడుతుంది. ఆకాశంలో పైన ఉన్నప్పుడు మనల్ని కాపాడే వాయువే కింద పిల్లల గొంతు మండిస్తుంది, ఆకుల రంధ్రాల్లోంచి దూరి వరి దిగుబడినీ తగ్గిస్తుంది.

గంధకం విషయంలో కొంత మేలు జరిగింది. 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్లు, దాటకూడదు. ఓడల ఇంధనానికీ అదే ఏడాది జనవరి నుంచి పరిమితిని మూడున్నర శాతం నుంచి అర శాతానికి దించారు. కానీ లెక్క చూడండి, అర శాతం అంటే ఐదు వేల పీపీఎం. లారీ డీజిల్ కన్నా ఐదు వందల రెట్లు. పోర్టు ఊళ్లో ఉండేవాళ్లం ఈ తేడా గుర్తుపెట్టుకుని అడగాల్సింది అడగాలి.

మరి మీ బాబుకి డిసెంబర్‌లోనే ఎందుకు? మన ఊరు ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కొండలు ఉన్న గిన్నె లాంటిది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగంతా ఆ మూత కిందే తిరుగుతుంది. ఎండెక్కి నేల వేడెక్కాక గానీ మూత లేవదు. సల్ఫర్ డయాక్సైడ్ నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి గాలిగొట్టాల తడిలో కరిగి పుల్లటి మంట పుట్టిస్తుంది. మామూలు పిల్లాడు ఒకసారి దగ్గి ఊరుకుంటాడు. ఉబ్బసం ఉన్నవాడికి ఆ గొట్టాలు నిమిషాల్లో బిగుసుకుంటాయి. పరుగెత్తుతూ నోటితో గాలి పీలిస్తే ఇంకా తొందరగా. అందుకని ఈ రెండు నెలలు పొద్దున్నే క్రికెట్ వద్దు, తొమ్మిది పది దాటాక ఆడుకోనివ్వండి. కిటికీలు కూడా అప్పుడే తెరవండి. చీపురు బదులు తడిగుడ్డ పెట్టండి. వాడు పడుకునే గదిలో దోమల చక్రం, అగరొత్తులు వద్దు, దోమతెర కట్టండి. గుడ్డ మాస్క్ ఆ పెద్ద పొడినే ఆపుతుంది. సన్నటి రేణువులకి ఎన్95 కావాలి, అదీ ముఖానికి సరిగ్గా అతుక్కుంటేనే.

తులసికోట గురించి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే పైపొర జిప్సమ్‌గా మారి రాలుతుంది. దానికి వాన కూడా అక్కర్లేదు, సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న తేమగాలి చాలు. కానీ సముద్రపు ఉప్పు రాతి రంధ్రాల్లో గడ్డకట్టినా ఇలాగే గరుకవుతుంది. కాబట్టి ఆ ఒక్క గుర్తుతో ఆసిడ్ వాన అని నేను చెప్పను. పీహెచ్ అంటే పులుపు కొలిచే అంకె, ఏడు కన్నా ఎంత తగ్గితే అంత ఆమ్లం. శుభ్రమైన వానకి కూడా అది 5.6 దగ్గర ఉంటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల. మన దేశపు దుమ్ములో సున్నం పాలు ఎక్కువ, అది ఆమ్లాన్ని చాలావరకు విరిచేస్తుంది. బాబుకి సరదాగా ఉంటుంది, ఈసారి వాన పడితే ఆరుబయట కడిగిన ప్లాస్టిక్ గిన్నె పెట్టి పీహెచ్ పేపర్ ముంచమనండి. 5 కన్నా తక్కువ చూపిస్తూ ఉంటే అప్పుడు ఆలోచించాల్సిందే.

ఇల్లు మారడం గురించి ఇప్పుడే కంగారు పడకండి. ఇన్‌హేలర్ సరిగ్గా మూడు నెలలు వాడి, రాత్రి దగ్గు ఎన్నిసార్లు వచ్చిందో క్యాలెండర్ మీద రాయండి. అప్పటికీ తగ్గకపోతే ఆ క్యాలెండర్ చూసుకుని మాట్లాడుకుందాం.

ఒక మాట మీ వీధి వాళ్లందరికీ చెప్పండి. భోగి మంటలో పాత టైర్లు వేయొద్దు. రబ్బరుని గట్టిపరచడానికి గంధకమే కలుపుతారు. తెల్లవారుజామున, సరిగ్గా ఆ మూత కింద, టైరు కాలిస్తే ఆ వాయువూ మసీ పక్కింటి పిల్లాడి గదిలోకే వెళ్తాయి. పిడకలు, కట్టెలు కొద్దిగా వేసినా భోగి భోగే. ఆ పూట బాబుని గాలివాలుకి దూరంగా ఉంచండి.

ఊపిరి తీసినప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, ఆయాసంతో వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, వేలికి పెట్టే ఆక్సీమీటర్ 92 కన్నా తక్కువ చూపించినా తెల్లారేదాకా ఆగొద్దు. మీ డాక్టర్ రాసిచ్చిన, వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ స్పేసర్‌తో ఇస్తూనే 108కి ఫోన్ చేయండి.